మిక్సీ ఆపి మాట్లాడు

మొన్న ఆదివారం పొద్దున్నే పెసరట్ల కోసం పప్పు మిక్సీలో వేశాను. అల్లం ముక్క, నాలుగు పచ్చిమిరపకాయలు పడేసి, మూత బిగించి, మీట నొక్కానో లేదో కరెంటు పోయింది. పప్పు సగం నలిగి, సగం గింజలుగా మిగిలిపోయింది. రోట్లో రుబ్బుదామంటే మా రోలు ఎప్పుడో బాల్కనీలో తులసికుండీకి పీట అయిపోయింది. చేసేదేం లేక, చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూలబడ్డాను.

సరిగ్గా అప్పుడే మా మనవరాలు కాగితాలు పట్టుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ళ స్కూల్లో వక్తృత్వపు పోటీట. విషయం - 'అభివృద్ధి కావాలా, అడవి కావాలా?'

"నానమ్మా, నువ్వు ఏ పక్షం?" అంది.

"అడవి పక్షమేనే. అడగాలా?" అన్నాను, ఇందులో ఆలోచించడానికేముంది అన్నట్టు.

పేపరు వెనకనించి మావారు, "ఆ మాటేదో మిక్సీ ఆపి మాట్లాడమను మీ నానమ్మని" అన్నారు.

"ఆగే ఉంది లెండి. కరెంటు లేదుగా!" అన్నాను.

"కరెంటు పోతే ఆగడం వేరు, మనం ఆపడం వేరు" అనేసి ఆయన మళ్ళీ పేపర్లో తల దూర్చారు.

మగవాళ్ళు పేపరు వెనకనించి విసిరే మాటలు చాలావరకు వినీ విననట్టు ఊరుకోవచ్చు. ఇన్నేళ్ళ సంసారంలో నేను నేర్చుకున్న విద్య అది. కానీ యీ మాట మాత్రం పంటికింద రాయిలా తగిలింది. నిజమే కదూ! ఫ్రిజ్జూ, మిక్సీ, వాషింగ్ మెషీనూ, ఎండాకాలం వస్తే ఏసీ - ఇన్ని పెట్టుకుని, ఎక్కడో కట్టబోయే ఆనకట్టని వద్దనే హక్కు నాకెక్కడిది?

ఆ పిల్లకి నేను సైలెంట్ వ్యాలీ కథ చెప్పాను. మీకూ చెబుతాను. ఎందుకంటే ఆ కథలో మావారి ప్రశ్నా ఉంది, నా తప్పూ ఉంది.

కేరళలో పాలక్కాడు జిల్లాలో, పడమటి కనుమల్లో ఒక అడవి ఉంది. అక్కడివాళ్ళు దాన్ని సైరంధ్రీవనం అంటారు. మధ్యలో పారే ఏరు పేరు కుంతి. పాండవులు వనవాసంలో అక్కడ తలదాచుకున్నారని వాళ్ళ నమ్మకం. సైరంధ్రి అంటే తెలుసుగా, విరాటుడి కొలువులో జడలల్లిన మన ద్రౌపదే. ఇంగ్లీషువాళ్ళ నోట 'సైరంధ్రి' కాస్తా 'సైలెంట్' అయిందని కొందరంటారు. కాదు, అడవంటే చెవులు హోరెత్తించే ఇలకోళ్ళ రొద అక్కడ లేదు గనక ఆ పేరు పెట్టారని మరికొందరంటారు. ఏదైతేనేం, పేరు నిలిచింది.

ఆ కుంతి ఏటిమీద, సైరంధ్రి అనే చోటనే, ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని సంకల్పం. అనువైన చోటని ఇంగ్లీషువాళ్ళ కాలంలోనే కన్నేశారు. 1973లో ప్రణాళికా సంఘం సరేనంది. మొదటి దశలో 120 మెగావాట్లు వస్తాయని లెక్క. మునిగేది ఎనిమిది చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 'ఓస్, అంతేనా' అనిపిస్తుంది. కానీ ఆ మునిగేది అడవికి గుండెకాయ లాంటి చోటు. అక్కడ సింహవాలపు కోతులున్నాయి. ఒళ్ళంతా నలుపు, మొహం చుట్టూ నెరిసిన జూలు, చివర కుచ్చున్న తోక. అవి నేలమీదికి దిగడం తక్కువ. కొమ్మమీదనించి కొమ్మమీదికే వాటి బతుకంతా. మధ్యలో నీళ్ళు నిలిస్తే ఇటువైపు కోతికీ అటువైపు కోతికీ రాకపోకలుండవు. ఇల్లు మొత్తం కూల్చక్కర్లేదండీ, వంటింటికీ పడగ్గదికీ మధ్య కాలవ తవ్వితే చాలదూ!

"కోతులకోసం మనుషుల్ని చీకట్లో పెడతారా?" అని అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. ఆ ఎగతాళిని తేలిగ్గా తీసెయ్యకండి. ఉత్తర కేరళలో, మలబారు ప్రాంతంలో, అప్పటికి చాలా ఇళ్ళల్లో దీపం లేదు. పిల్లలు కిరసనాయిలు బుడ్డి ముందు చదువుకునేవాళ్ళు. ఫ్యాక్టరీలు తక్కువ, పనులు తక్కువ. ఆనకట్ట వస్తే బతుకులు బాగుపడతాయని ఆశపడ్డవాళ్ళు దుర్మార్గులేం కారు. వాళ్ళకి ఉన్న ఆకలి మనకి లేకపోవడం వల్ల వాళ్ళు తప్పయిపోరు.

1976లో కేంద్రం ఒక నిపుణుల బృందాన్ని వేసింది. వాళ్ళు అన్నీ పరిశీలించి, యీ ప్రాజెక్టు మానుకోవడం మంచిదన్నారు. అంతటితో ఊరుకున్నారా? ఊరుకోలేదు. "ఒకవేళ తప్పదనుకుంటే యీ జాగ్రత్తలు తీసుకోండి" అని 17 జాగ్రత్తలు రాసిచ్చారు. ఇంకేం! ప్రభుత్వంవారు మొదటి సగం మడిచి పక్కన పెట్టి, రెండో సగం చేత్తో పట్టుకున్నారు. "జాగ్రత్తలన్నీ తీసుకుంటాం, మరి కట్టుకోవచ్చుగా?" అన్నారు. జాగ్రత్తలకోసం ఒక చట్టం కూడా చేశారు.

యీ ముక్క దగ్గరకొచ్చేసరికి నా గొంతు కాస్త ఆగింది. ఎందుకాగిందో తర్వాత చెబుతాను.

ఆ తర్వాత కథ నడిపింది మంత్రులూ కాదు, డబ్బున్నవాళ్ళూ కాదు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అని ఒక సంస్థ ఉంది. బడిపంతుళ్ళూ, లెక్చరర్లూ, గుమాస్తాలూ కలిసి, సైన్సుని మలయాళంలో ఊరూరా చెప్పడానికి పెట్టుకున్నది. అందులో ఎం. కె. ప్రసాద్ అనే వృక్షశాస్త్రం మాస్టారు మొదట గట్టిగా రాశారు. తర్వాత అయిదుగురు కూర్చున్నారు. జీవశాస్త్రం తెలిసినాయన ఒకరు, ఇంజనీర్లు, వ్యవసాయం తెలిసినాయన, ఆర్థికశాస్త్రం తెలిసినాయన. అడవి అందంగా ఉందని రాయలేదు వాళ్ళు. లెక్క వేశారు. యీ కరెంటు రాకపోతే నిజంగా మలబారు మునిగిపోతుందా? ఉన్న కరెంటు అక్కడిదాకా చేరడానికి తీగలు సరిగా ఉన్నాయా? వేరే దారులేమున్నాయి? ఇలా ఒక్కొక్కటే తేల్చి, 1979లో ఒక నివేదిక అచ్చు వేశారు. ఇంటి ఖర్చు తగ్గించమంటే 'తగ్గించండి' అనే ఇల్లాలు వేరు, పద్దుపుస్తకం తెచ్చి ముందుపెట్టి ఎక్కడ తగ్గించవచ్చో చూపించే ఇల్లాలు వేరు. వీళ్ళు రెండోరకం.

లెక్కలు ఒక్కటే సరిపోతాయా? సరిపోవు. అందుకని కవులొచ్చారు. సుగతకుమారిగారని మలయాళ కవయిత్రి. అడవిని చూడకముందే దానికోసం కలం పట్టిన మనిషి. ఆవిడ 'మరత్తిను స్తుతి', అంటే చెట్టుకి స్తోత్రం, ఆ ఉద్యమానికి ప్రార్థనాగీతం అయిపోయింది. ప్రకృతి సంరక్షణ సమితి పేరుతో కవులు ఊరూరా తిరిగి అడవిమీద కవితలు చదివారు. "చెట్లమీద పద్యాలు రాసుకునే మనిషికి కరెంటు సంగతేం తెలుసు" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. ఆ తర్వాత దిక్కులేని ఆడవాళ్ళకోసం, మతి చెదిరినవాళ్ళకోసం 'అభయ' అనే సంస్థ పెట్టింది. కేరళ మహిళా కమిషన్‌కి మొట్టమొదటి అధ్యక్షురాలైంది. 2020 డిసెంబరులో కన్నుమూసింది. చెట్టుకోసం ఏడ్చే మనసూ, ఆడకూతురికోసం ఏడ్చే మనసూ వేరువేరు కావని ఆవిణ్ణి చూస్తే తెలుస్తుంది.

ఇక తక్కిన కథ త్వరగా చెప్పేస్తాను. కోర్టుకి వెళ్ళారు. కొన్నాళ్ళు పని ఆగింది, చివరికి 1980లో పిటిషను కొట్టేశారు. ఓడిపోయామని ఇళ్ళకి పోలేదు. దేశదేశాల శాస్త్రజ్ఞులు ఉత్తరాలు రాశారు. ఇందిరాగాంధీ మళ్ళీ అధికారంలోకి వచ్చాక ఎం. జి. కె. మీనన్‌గారి అధ్యక్షతన కమిటీ వేశారు. 1983లో ప్రాజెక్టు విరమించుకున్నారు. 1984 నవంబరులో ఆ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అప్పటికి ఆవిడ పోయి పదిహేను రోజులే అయింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో కొడుకు రాజీవ్‌గాంధీ వెళ్ళి ప్రారంభించారు. కుంతి ఏరు ఆనకట్ట లేకుండానే పారుతోంది.

"అయితే గెలిచారన్నమాట!" అంది మనవరాలు, కాగితంమీద రాసేసుకుంటూ.

"మరి ఆ మలబారు పిల్లాడి బుడ్డిదీపం మాటేమిటి?" అన్నారు మావారు. పేపరు ఇప్పుడు కిందికి దిగింది.

చూశారూ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ కరెంటు ఆ ఏటినించి రాకపోతే ఇంకెక్కణ్ణించో రావాలి. బొగ్గునించి తీసుకోవచ్చుగా అని అప్పట్లో సలహా చెప్పినవాళ్ళున్నారు. సరే, బొగ్గు. బొగ్గు ఎవరి ఊళ్ళో మండాలి?

దానికి జవాబు మన తెలుగునేలమీదే దొరుకుతుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర 'బీల' అని చిత్తడినేల ఉంది. పైపైన చూసేవాళ్ళకి అది పనికిరాని బురద. ఆ చుట్టుపక్కలవాళ్ళకి అది నీళ్ళకుండ. దాని నీళ్ళతో వరి పండుతుంది. అందులో చేపలు పట్టుకునేవాళ్ళు చేపలు పట్టుకుంటారు, పశువులకి గడ్డి దొరుకుతుంది. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం పెట్టాలనుకున్నారు. సైలెంట్ వ్యాలీ మొదటి దశకంటే ఇరవైరెండు రెట్లు! కాగితాలమీద ఆ నేలని బీడు అన్నారు. రైతులూ, జాలర్లూ, వాళ్ళ ఆడవాళ్ళూ కాదన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. ఆ నెలలోనే ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. అయినా జనం నమ్మి ఊరుకోలేదు. ఏళ్ళతరబడి రిలే నిరాహారదీక్షలు చేస్తూనే ఉన్నారు. ఆ కేంద్రం రాలేదు.

సైలెంట్ వ్యాలీని 'గెలుపు' అన్నంత తేలిగ్గా దీన్ని గెలుపు అనడానికి నాకు నోరు రాదు. గెలిచారు, నిజమే. ఇద్దరు మనుషులు తిరిగి ఇళ్ళకి రాలేదు. వాళ్ళు 'వద్దు' అన్నది తీరికవేళ కూర్చుని కాదు. నేల పోతే రేపు కంచంలో ఏముంటుందో తెలిసి అన్నారు. అంచేత 'అడవీ, నీళ్ళూ అంటూ మాట్లాడేది కడుపు నిండినవాళ్ళే' అనే మాట మాత్రం అబద్ధం. అసలు 1974లో హిమాలయాల్లో రేణీ అనే పల్లెలో చెట్లు కొట్టడానికి వస్తే అడ్డం నిలబడ్డదెవరు? మగవాళ్ళు పరిహారం డబ్బుకోసమని పట్నం వెళ్ళిన రోజు చూసుకుని వచ్చారు కొట్టేవాళ్ళు. గౌరాదేవి అనే ఆవిడ ఇరవై ఏడుమంది ఆడవాళ్ళతో వెళ్ళి చెట్లకి అడ్డం నిలబడింది. ఆవిడకి మిక్సీ లేదు.

కానీ నాకుంది. మావారి ప్రశ్న గౌరాదేవిని కాదు, నన్ను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మా పాత ఇంటి వాకిట్లో వేపచెట్టుండేది. మా అత్తగారు కాపురానికి వచ్చిన ఏడాది నాటింది. ఎండాకాలం మధ్యాహ్నం వీధిలో పోయే కూరలమనిషి తట్ట దించుకుని ఆ నీడనే కూర్చునేది. ఉగాదికి వేపపువ్వు కోసం వీధంతా మా గుమ్మంలోకి వచ్చేది. పాతికేళ్ళ కిందట ఆ ఇల్లు అపార్టుమెంటుకి ఇచ్చాం. బిల్డరు కాగితం పరిచి, కార్లు పెట్టుకోవడానికి చోటు కావాలి, చెట్టు అడ్డం అన్నాడు. అందరూ నా మొహం చూశారు. నేను ఏమన్నానో తెలుసా? "వద్దు బాబూ, చెట్టు ఉంచండి. మరీ తప్పదంటే, కనీసం ఆషాఢం వెళ్ళాక కొట్టండి" అన్నాను.

ఆయన ఎంతో మర్యాదస్తుడు. ఆషాఢం వెళ్ళేదాకా ఆగాడు.

అందుకే ఆ 17 జాగ్రత్తల దగ్గర నా గొంతు ఆగింది. చెడ్డమనిషిని అనిపించుకోకూడదని మనం 'వద్దు' పక్కన ఒక 'తప్పదంటే' పెడతాం. ఎదుటివాడికి కావలసింది ఆ రెండో మాటే. ఆడవాళ్ళకి యీ అలవాటు మరీ ఎక్కువ. పుట్టింటి నించి అత్తింటి దాకా 'మీ ఇష్టం' అనడమే మర్యాదని నేర్పారు మనకి. ఆ మర్యాద పిండివంటల దగ్గర బాగానే ఉంటుంది. చెట్టు దగ్గర, ఏరు దగ్గర పనికిరాదు.

ఎందుకు పనికిరాదంటే, ఆనకట్ట ఇవాళ కట్టకపోతే రేపు కట్టుకోవచ్చు. అది మించిపోయేది కాదు. సైలెంట్ వ్యాలీలోనే చూడండి, జాతీయ ఉద్యానవనం అయ్యాక కూడా, 2000 తర్వాత కాస్త దిగువన పాత్రక్కడవు అనే చోట ఇంకో ఆనకట్ట కడతామని బయల్దేరారు. మళ్ళీ గొడవ చేస్తే, 2007లో చుట్టూ 148 చదరపు కిలోమీటర్లు రక్షణగా ఉంచాలని నిర్ణయించారు. అడవివైపు వాళ్ళు ప్రతిసారీ గెలవాలి. ఆనకట్టవైపు వాళ్ళు ఒక్కసారి గెలిస్తే చాలు. ముంచిన అడవిని ఏ ప్రభుత్వమూ తిరిగి ఇవ్వలేదు. అంచేత సందేహం వచ్చినప్పుడు తిరిగి దిద్దుకోగలిగిన తప్పువైపే మొగ్గాలని నాకు తోస్తుంది. పెళ్ళి సంబంధం ఒక నెల ఆలస్యమైతే ఇంకో ముహూర్తం ఉంటుంది. తొందరపడి మెడలు వంచి తాళి కట్టించాక ముహూర్తాలు వెతికి లాభమేమిటి?

ఇది మావారికి సగం జవాబే. మిగిలిన సగం నేను బాకీ. 'వద్దు' అన్నవాళ్ళు ఆ బుడ్డిదీపం పిల్లాణ్ణి మర్చిపోకూడదు. పరిషత్తువాళ్ళు మర్చిపోలేదు గనకనే కూర్చుని లెక్కలేశారు. మా ఇంట్లో చెత్త ఊడ్చి పక్కవాళ్ళ వాకిట్లో పోసి, మా ఇల్లు శుభ్రం అనుకుంటే అది శుభ్రం కాదు. కుంతి ఏటిని కాపాడి సోంపేట బీలని ముంచితే, అది పర్యావరణమూ కాదు. వద్దన్న కరెంటులో నా వాటా ఎంతో నేను తగ్గించుకుంటే, అప్పుడు నా 'వద్దు'కి కాస్త బరువొస్తుంది. ఒక ఇల్లాలు ఒక ఏసీ ఆపితే ఏ ఆనకట్టా ఆగదు, నాకు తెలుసు. అది దేశానికి చేసే ఉపకారం కాదు. నోరు విప్పడానికి నేను కట్టే రుసుము. అంతే.

అలాగని ఏసీ పూర్తిగా మానేదాకా నోరు విప్పకూడదంటే మాత్రం ఒప్పుకోను. అప్పుడిక మాట్లాడేది మునులే, వాళ్ళేమో మౌనవ్రతంలో ఉంటారు. తప్పు చేస్తూనే ఉన్నాను గనక తప్పుని తప్పనకూడదంటే, మనలో పిల్లల్ని మందలించే తల్లి ఒక్కర్తీ మిగలదు.

ఇదంతా నేను చెబుతూ ఉండగానే కరెంటు వచ్చింది. వంటింట్లో మిక్సీ దానంతట అదే గుర్రుమంది. మీట వేసే ఉంచాను కాబోలు! గబగబా వెళ్ళి పప్పు రుబ్బుకొచ్చాను. మావారు రెండు పెసరట్లు తిని, మూడోది వేయించుకుంటూ, "సోంపేటవాళ్ళ సంగతి నువ్వు చెప్పింది బాగుంది" అన్నారు. అంతకంటే మెచ్చుకోలు ఆయన దగ్గర ఆశించడం అత్యాశ.

మనవరాలు రాసుకున్న కాగితం చూశాను. పైన 'అడవి కావాలి' అని రాసి, కింద 'తప్పదంటే' అని మొదలుపెట్టి, దాన్ని అడ్డంగా కొట్టేసింది. దాని కింద, 'మరి దీపం లేనివాళ్ళకి దీపం ఎలా?' అని రాసి, నాలుగు గీతలు ఖాళీగా వదిలింది. ఆ నాలుగు గీతల్లో ఏం రాయాలో నన్ను అడుగుతోంది. రాత్రి ఇద్దరం కూర్చుని మా ఇంటి కరెంటు బిల్లు ముందు పెట్టుకున్నాం.

మీ ఇంట్లో బిల్లెంత వస్తోందండీ?